ఇత్తడి రివాల్వర్

కర్టిస్ బ్లెవిన్స్ కార్డు చదవడం ఎప్పుడో అయిపోయిందని విద్యకి తెలుసు. ప్రదర్శనలో వస్తువు పక్కన పెట్టే అరచెయ్యంత కార్డు, దానిమీద నాలుగు ముక్కలు. అయినా అతను దాన్ని కింద పెట్టడంలేదు. కళ్ళజోడు నుదుటిమీదికి నెట్టుకుని, కార్డుని ఒక మూల పట్టుకుని, సంతలో పుచ్చు వంకాయని చూసినట్టు అటూ ఇటూ తిప్పుతున్నాడు. చివరికి, ఇది ఎవరు రాశారని అడిగాడు. అడిగింది జోవాన్‌ని. రాసిన మనిషి అతనికెదురుగా, చేతులకి నీలం గ్లవ్స్ తొడుక్కుని నిలబడే ఉంది.

జోవాన్ ఆ మ్యూజియానికి డైరెక్టర్. ఫోర్ట్‌వర్త్ దాటి పడమటికి వెళ్తే వచ్చే ఓ చిన్న ఊళ్ళో, ఒకప్పటి పత్తి గోదాములో నడుస్తున్న కౌంటీ మ్యూజియం అది. శనివారం నుంచి అక్కడ పాతకాలపు రివాల్వర్ల ప్రదర్శన. టెక్సాస్ రౌతులు మొదట చేతపట్టిన అయిదు గుళ్ళ రకం దగ్గర మొదలై, మందూ గుండూ విడివిడిగా దట్టించుకోవలసిన రకాల మీదుగా, తయారు తూటాలు వచ్చాక పశువుల కాపరి నడుముకీ షెరీఫ్ నడుముకీ ఒకేలా వేలాడిన 1873 నాటి రకం దాకా వరసగా ఉంటాయి. వాటిలో బ్లెవిన్స్ అరువిచ్చిన రివాల్వర్ ఒక్కటే వేరు. మిగతావాటి చట్రం ఇనుమో ఉక్కో, దీనిది ఇత్తడి. అంతర్యుద్ధంలో దక్షిణాదికి మంచి లోహం దొరక్క, ఉత్తరాది వాళ్ళ నమూనానే కాపీ కొట్టి ఇత్తడితో పోతపోశారు. కరిగించుకోమని చర్చిగంటలు కూడా ఇచ్చారని చెప్పుకుంటారు. బ్లెవిన్స్ ముత్తాత తండ్రి యుద్ధం ఓడిపోయాక దాన్ని నడుముకి కట్టుకుని జార్జియా నుంచి ఇక్కడికొచ్చి, ఈ చుట్టుపక్కల భూములు సంపాదించాడు. నూటయాభై ఏళ్ళ చేతి చెమటకి ఆ ఇత్తడి నల్లబెల్లం రంగుకి తిరిగింది.

ఇదంతా విద్య కార్డుమీద పొందిగ్గా రాసింది. చివర్లో ఇంకో మాట కూడా రాసింది. దీన్ని తయారుచేసిన కార్ఖానాలో పనివాళ్ళు దాదాపు అందరూ బానిసలేననీ, వాళ్ళ పేర్లు ఎవరూ రాసిపెట్టలేదనీ. బ్లెవిన్స్ బొటనవేలు ఆ మాట మీదే ఆగింది.

తన కుటుంబం మ్యూజియానికి రివాల్వర్ ఇచ్చింది గానీ ఉపన్యాసం ఇమ్మని అడగలేదన్నాడతను. ఆ ఎండాకాలమంతా టీవీ పెడితే చాలు, ఆ యుద్ధం నాటి దక్షిణాది జెండాలు దించాలా ఉంచాలా అన్న గొడవే. దాంతో అతనికి ముందే ఒళ్ళు మండి ఉంది. నిజమంటే తనకి భయం లేదట, నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళు తన ఇంటి నిజాలు తనకి చెప్పడమే నచ్చదట. ఈవిడది ఏ ఊరని అడిగాడు. డాలస్ పక్కన ఇర్వింగ్ అని చెప్పింది జోవాన్. అతను నవ్వి, కార్డుని బల్లమీద బోర్లా పెట్టి వెళ్ళిపోయాడు. విద్య చెవులు ఎర్రబడ్డాయి. తిరిగి ఒక్క మాట అనలేనందుకు అతనిమీద కన్నా తనమీద ఎక్కువ మండింది.

అతని కారు వెళ్ళాక జోవాన్ తలుపు దగ్గరికి వేసి, ఆ మాట తీసెయ్యాలంది. బానిసల సంగతి తప్పని తను అనడంలేదు. కానీ రివాల్వర్ అతనిది, పైగా అతను బోర్డు మెంబరు. సోమవారం బోర్డు కూచుని ఇక్కడ ఖాళీగా ఉన్న ఉద్యోగం ఎవరికివ్వాలో తేలుస్తుంది. "అది నీకే రావాలని నా కోరిక, రేణూ" అంది. వెంటనే నాలిక కరుచుకుని, విద్యా అని దిద్దుకుంది. మూడేళ్ళుగా వస్తున్న మనిషి పేరు, మూడు వారాలుగా వస్తున్న మనిషి పేరు ఆవిడ నోట్లో కలిసిపోయాయి.

ఆ ఉద్యోగం విద్యకి ఎందుకు కావాలో ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు, హెచ్-4 వీసా మీద ఈ దేశం వచ్చిన ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. విజయనగరంలో కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పేది. జగన్మోహన్‌ని చేసుకుని అతని హెచ్-1 వెనకాల వచ్చాక ఉండచ్చు, తినచ్చు, పని మాత్రం చెయ్యకూడదు అన్నారు. జీతం లేకుండా చేస్తే ఎవరికీ అభ్యంతరం లేదు కాబట్టి ఈ మ్యూజియంలో వాలంటీరుగా చేరింది. మొన్న మే నెలలో రూలు మారింది. గ్రీన్‌కార్డు వరసలో నిలబడ్డవాళ్ళ భార్యలు కూడా పని చేసుకోవచ్చన్నారు. విద్య పర్మిట్ కార్డు పోయినవారం పోస్టులో వచ్చింది. మ్యూజియంలో ఖాళీ ఉన్నది ఒకే ఒక్క ఉద్యోగం.

రేణు సంగతి వేరు. జగన్మోహన్ ఆఫీసులోనే పనిచేసే కుర్రాడి భార్య. వీళ్ళ అపార్ట్‌మెంట్స్‌లోనే, రెండు బ్లాకుల అవతల ఉంటుంది. కరీంనగర్ వైపు పిల్ల, వచ్చి ఏడాదయింది. డ్రైవింగ్ రాదు. ఇంగ్లీషంటే యెస్, ఓకే, సారీ. ఇంట్లో ఒక్కర్తీ పిచ్చెక్కిపోతోందట, నీతో తీసుకెళ్ళు అని జగన్మోహన్ పట్టుబట్టాడు. విద్యకి అసలు ఇష్టం లేదు. ఆ గోదాము ఒక్కటే ఈ దేశంలో తనదనుకున్న చోటు, అందులో సగం జరిగి కూచోమన్నట్టుంది. అందులోనూ జోవాన్‌కి రేణు అంటే ముద్దు. రేణు తెచ్చిన సర్వపిండి తిని లొట్టలేసి, ఆవిడ రెసిపీ అడిగింది. మూడేళ్ళలో విద్యని ఎవరూ ఏ రెసిపీ అడగలేదు.

*

బుధవారం కారెక్కిన దగ్గర్నుంచీ రేణు మాట్లాడుతూనే ఉంది. ఎల్లుండి వరలక్ష్మీ వ్రతం. అత్తగారు ఊరినుంచి పంపిన ఇత్తడి కలశం, దీపపు సెమ్మెలు, పళ్ళేలు అన్నీ రాత్రే దించి తోమిందట. ఇక్కడి పౌడర్లకి లొంగలేదట, చింతపండూ ఉప్పూ వేసి రుద్దితే బంగారమైనయట. ఒడిలో సంచీ పట్టుకుని ఇదంతా ఎంతో సంబరంగా చెప్పింది.

"శుక్రవారం మీరు పేరంటానికి రావాలె అక్కా. మా ఇంట్ల ఇదే మొదటిసారి."

చూస్తానంది విద్య. ఆమె మనసంతా కార్డుమీద ఉంది. తియ్యాలా వద్దా అని రాత్రంతా జగన్మోహన్‌తో వాదించింది. నూటయాభై ఏళ్ళ కిందట పోయినవాళ్ళ కోసం రాబోయే ఉద్యోగం పోగొట్టుకుంటావా అన్నాడతను. అతను అలా అంటాడని ముందే తెలుసు, అనాలనే అడిగింది. ఎదుటివాడి చేత అనిపించుకుని చేస్తే మన పాపం సగమవుతుందని మనుషులకి ఒక నమ్మకం.

మ్యూజియం చేరగానే కంప్యూటర్ ముందు కూచుని ఆ మాట తీసేసింది. దాని బదులు దక్షిణాది పనితనానికి మచ్చుతునక అని పెట్టింది. కొత్త కార్డు ప్రింటు తీసి, అంచులు కట్ చేసి, పాతది చెత్తబుట్టలో పడేసింది. అయిపోయిందనుకుని తల తిప్పితే రేణు వెనకాలే ఉంది. రివాల్వర్ల కింద పరిచే మెత్తటి ఫోమ్ పలకలు కొయ్యడం ఆమె పని, నిన్న బ్లెవిన్స్ వచ్చినప్పుడు కూడా ఆ మూలే కూచుని కోస్తోంది. చాకు చేత్తో పట్టుకుని కార్డుకేసే చూస్తోంది.

"ఆ పనోళ్ళ మాట తీసేసిన్రా అక్కా?"

"నీకెందుకు అవన్నీ?" అంది విద్య. ఆ గొంతు తనకే కటువుగా వినిపించింది. మామూలుగా అయితే అక్కడితో ఆగేది. ఇవాళ ఆగాలనిపించలేదు. చదివి అర్థం చేసుకునే పని తను చూసుకుంటుందనీ, కోసే పని రేణు చూసుకోవచ్చనీ అంది. రేణు చాకు మడిచి బల్లమీద పెట్టింది.

ఆ మ్యూజియంలో ఒక ఆనవాయితీ ఉంది. లోహపు వస్తువు మీద కొత్త వాలంటీరుని ఒంటరిగా వదలరు. పాతవాళ్ళు పక్కన కూచుని, పొడి కుంచె ఎలా పట్టాలి, దుమ్ము ఎటునుంచి ఎటు తోలాలి, తడి ఎందుకు తగలకూడదు, నలుపు ఎందుకు ముట్టుకోకూడదు, అన్నీ చేత్తో చేసి చూపించాలి. విద్యకి జోవాన్ అలాగే నేర్పింది. విద్య మరో ఇద్దరికి నేర్పింది. కానీ ఆ ఉదయం రేణు పక్కన కూచోవడం ఆమెకి చేతకాలేదు. ట్రేలో ఉన్న రివాల్వర్లని చూపించి, శనివారం జనం వస్తారు, అన్నీ శుభ్రంగా తుడిచి పెట్టమని చెప్పి, కుంచె ఒకటి ముందు పడేసి, మిగతా కార్డులు అంటించడానికని ముందువైపు హాల్లోకి వెళ్ళిపోయింది.

లంచ్ దాటాక గానీ తిరిగి రాలేదు. వచ్చేసరికి రివాల్వర్లన్నీ దుమ్ము దులుపుకుని, బుద్ధిగా ఎవరి పలకలో వాళ్ళు పడుకున్నట్టు ఉన్నాయి. చివరిది మాత్రం కిటికీ వెలుగులో ధగధగ మెరుస్తోంది. చట్రం, పిడికి వెనకాల పట్టీ, ట్రిగ్గర్ చుట్టూ ఉన్న కమ్మీ, అంతా పచ్చని పసుపు. పెళ్ళికి కొన్న కొత్త బిందెలా ఉంది. పక్కనే మూత తీసిన పెరుగు డబ్బాలో నల్లగా నానిన చింతపండు. రేణు చేతులు తుడుచుకుంటూ నవ్వింది. లంచ్ కోసం తెచ్చుకున్న పచ్చిపులుసులోది, డబ్బా అడుగున మిగిలిందట. మిగతావి తుడిస్తే శుభ్రమయ్యాయి, ఇదొక్కటే ఎంతకీ కాలేదట. నీళ్ళు లోపలికి పోకుండా గుడ్డతో రుద్ది, మూడుసార్లు తుడిచి ఆరబెట్టిందట. ఎలా ఉంది అక్కా అని అడిగింది.

విద్య ఎవరైనా చూశారా అని మాత్రం అడిగింది. ఎవరూ చూడలేదు. జోవాన్ పొద్దున్నించీ ఊళ్ళోనే లేదు. విద్య రివాల్వర్‌ని మెత్తటి కాగితంలో చుట్టి, పెట్టెలో పెట్టి మూత బిగించింది. అలా మూసిపెడితే రాత్రికి రాత్రి మళ్ళీ నల్లబడుతుందని ఆమె అనుకోలేదు. ఏమనుకుందో ఆమెకే తెలీదు.

తిరుగు ప్రయాణంలో హైవే మీద చెప్పింది. ఆ నలుపే దాని విలువ అంది. ఎంతమంది పట్టుకున్నారో, ఎన్నేళ్ళు పట్టుకున్నారో ఆ రంగే సాక్ష్యం, ఒకసారి పోయిందా మళ్ళీ ఎవరి తరమూ కాదు, నీ కలశం తోమినట్టు తోమేశావు అంది. రేణు ముఖం పాలిపోయింది. మెల్లిగా అడిగింది.

"ముందుగల నాకెందుకు జెప్పలేదు అక్కా?"

"కొన్ని చెప్పక్కర్లేదు రేణూ. ఎవరికైనా తెలియాలి."

ఆ మాట అబద్ధమని అంటున్నప్పుడే విద్యకి తెలుసు. తనకి కూడా ఎవరో చెప్తేనే తెలిసింది. మొదటి వారంలో తను ఓ పాత లాంతరుకి కొబ్బరినూనె రాయబోతే జోవాన్ చెయ్యి పట్టుకుని ఆపింది.

*

గురువారం బ్లెవిన్స్ చెప్పాపెట్టకుండా వచ్చాడు. కొత్త కార్డు చూడ్డానికట. జోవాన్ దాన్ని అందిస్తే నిలబడే చదివాడు. చదివి తల ఊపాడు. ఇదీ పద్ధతి అన్నాడు. మంచి మూడ్‌లో ఉన్నాడేమో, రివాల్వర్‌ని కూడా దాని చోట్లో పెట్టి చూద్దామన్నాడు. జోవాన్ స్వయంగా పెట్టె తెచ్చింది. విద్య ఆపలేదు. ఎలా ఆపాలో తోచలేదు.

కాగితం మడతలు విప్పుతుంటే మెరుపు ముందు బయటికొచ్చింది. బ్లెవిన్స్ చెయ్యి చాచి, ముట్టుకోకుండానే వెనక్కి తీసుకున్నాడు. అరుస్తాడని విద్య కాచుకుని ఉంది. అతను అరవలేదు. ముసలివాడిలా కుర్చీ వెతుక్కుని కూచున్నాడు.

"నా చిన్నప్పుడు మా నాన్న దాన్ని నా చేతికిచ్చి, ఈ నలుపు మీ తాతల చెయ్యి అనేవాడు," అన్నాడు. "పట్టుకుంటే వాళ్ళ చెయ్యి పట్టుకున్నట్టేననేవాడు. కడిగేశారు."

విద్యకి ఆ మనిషంటే అసహ్యం. అయినా అతని దుఃఖం నిజమైనదని ఒప్పుకోక తప్పలేదు. ఒప్పుకోవలసి వచ్చినందుకు ఇంకా అసహ్యం వేసింది.

జోవాన్ ఎవరు చేశారని అడిగేలోపే రేణు ముందుకొచ్చింది. నేను అన్నట్టు గుండెమీద చెయ్యి పెట్టుకుంది. జోవాన్ ఆమెకేసి చూసి, కోపంగా కాదు, నెమ్మదిగానే అడిగింది. తడి తగలనివ్వకూడదని, నలుపు తియ్యకూడదని ఎవరైనా నీకు చెప్పారా? నీ పక్కన ఎవరైనా కూచున్నారా?

రేణు జవాబు ఇంగ్లీషులో వెతుక్కుంది. దొరకలేదు. విద్యకేసి తిరిగింది.

"అక్కా, జెర మీరు చెప్పున్రి వాళ్ళకు. ఇత్తడి నల్లగుంటే ఇంట్ల తోముతం, గట్లనే అనుకున్న. పెద్దమనిషి మనసు కష్టపెట్టిన, తప్పయింది, కాళ్ళు మొక్కుత అని చెప్పున్రి. గానీ నాకు ఎవ్వలు చెప్పలే. అది గూడ చెప్పున్రి."

అందరూ విద్య నోటికేసి చూస్తున్నారు. ఆ గదిలో రెండు భాషలూ వచ్చిన మనిషి తనొక్కర్తే. ఆ క్షణంలో సోమవారం కనిపించింది, బోర్డు కనిపించింది, ఇంటి దగ్గర సొరుగులో పెట్టిన పర్మిట్ కార్డు కనిపించింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

చాలా సారీ చెప్తోంది అంది ఇంగ్లీషులో. రూలు తను ముందే వివరంగా చెప్పిందనీ, రేణు మర్చిపోయిందనీ, మర్చిపోయినందుకు సిగ్గుపడుతోందనీ చెప్పింది. తడబాటు లేకుండా, పాఠం చెప్పినట్టే చెప్పింది.

నిజమేనా అన్నట్టు జోవాన్ రేణుకేసి చూసింది. రేణు విద్యకేసి చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. దారిలో ఎక్కడో చూసిన మనిషిని గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు చూస్తోంది. తరవాత జోవాన్ వైపు తిరిగింది.

"యెస్," అంది. "సారీ సర్."

అమ్మయ్య అనుకుంది విద్య. ఏమడిగినా యెస్ అనే పిల్ల, దీనికీ యెస్ అంది అనుకుంది.

వెళ్తూ వెళ్తూ బ్లెవిన్స్ విద్య ముందు ఆగాడు. వాళ్ళ పరిచయంలో మొదటిసారి నేరుగా ఆమెతో మాట్లాడాడు. జరిగింది జరిగింది, నీకు మాత్రం ఇక్కడి పద్ధతి తెలుసు అన్నాడు. చెయ్యి చాచాడు. విద్య గ్లవ్ విప్పి ఆ చెయ్యి అందుకుంది. ఆ క్షణాన ఆమెకి సంతోషం వేసింది. ఇంటికెళ్ళాక ఎన్ని పేర్లు పెట్టుకున్నా, అప్పుడు వేసింది మాత్రం సంతోషమే.

*

హైవే మీద ట్రాఫిక్ మెల్లిగా కదులుతోంది. రేణు వ్రతం కబుర్లు చెప్పడం లేదు. ఎయిర్‌పోర్ట్ దాటాక విద్యే ముందు నోరు విప్పింది. వాళ్ళ కోపం చల్లారిపోతుందనీ, నీకేం కాదనీ, నీమీద జోవాన్‌కి అభిమానమనీ ఏదేదో చెప్పింది.

"నాకు ఇంగ్లీషు మాట్లాడనీకి భయం అక్కా," అంది రేణు. "వింటే సమజైతది."

వెనక కారు హారన్ కొట్టేదాకా ముందు కారు కదిలిన సంగతి విద్య గమనించలేదు. అపార్ట్‌మెంట్స్ గేటు దాటి రేణు బ్లాకు ముందు కారు ఆపింది. ఆపాక అడిగింది, మరైతే యెస్ అని ఎందుకన్నావని.

"కాదంటే వాళ్ళ ముంగట మనమిద్దరం కొట్లాడాలె. ఆయనకు ఇంక తమాష." రేణు సీటుబెల్టు తీసి, సంచీ ఒళ్ళోకి తీసుకుంది. "కార్డు మీది మాట తీసెయ్యమని ఆయన అడిగిండు, మీరు తీసిన్రు. కొలువు కోసం తీసిన్రు, నాకు సమజైంది. ఇయ్యాల నా మాట తీసెయ్యమని మిమ్మల్ని ఎవ్వలడిగిన్రు అక్కా?"

విద్య వెతుక్కుంది. జగన్మోహన్ అడగలేదు. బ్లెవిన్స్ అడగలేదు. జోవాన్ అడిగింది నిజం చెప్పమనే, ఆ నిజం చెప్పి ఉంటే ఆవిడ ఓ గంట చిరాకుపడి ఊరుకునేదేమో. ఉద్యోగం అప్పటికీ వచ్చేదేమో. ఎవరిమీదికీ నెట్టడానికి వీల్లేదని అర్థమైంది. సారీ రేణూ అని మొదలుపెట్టబోయింది.

ఇంతలో ఫోను మోగింది. కారు స్పీకర్లలో జోవాన్ గొంతు నిండిపోయింది. కట్ చెయ్యడానికి విద్య వేలు సరైన బటన్ మీద పడలేదు. బ్లెవిన్స్ ఫోన్ చేశాడట. విద్య గురించి ఎంతో బాగా మాట్లాడాడట. ఇక సోమవారం బోర్డు కూచోవడం పేరుకే, ఉద్యోగం నీదే అనుకో, కంగ్రాచ్యులేషన్స్ అంది జోవాన్.

థాంక్యూ అంది విద్య.

ఒక్క కష్టమైన పని ఉందంది జోవాన్, గొంతు తగ్గించి. రేణుని ఇక రానివ్వడానికి బోర్డు ఒప్పుకోదు. పాపం మంచి పిల్ల, తను చెప్తే అర్థం కాదు, బాధపడుతుంది. "నువ్వే మీ భాషలో నెమ్మదిగా చెప్పు. చెప్తావు కదూ?"

"చెప్తాను," అంది విద్య.

ఫోను ఆగిపోయింది. ఇంజను ఆడుతూనే ఉంది. రేణు తలుపు తీసుకుని దిగిపోతుందని విద్య ఎదురుచూసింది. దిగిపోతే బాగుండుననుకుంది. రేణు దిగలేదు. సంచీ మీద రెండు చేతులూ పెట్టుకుని, ఆమెకేసి తిరిగి కూచుంది.

"చెప్పున్రి అక్కా," అంది. "వింటున్న."